పుట్టుమచ్చ అక్క

బ్యాంకాక్ పాతబస్తీలో, మహాచాయ్ రోడ్డు పక్కన, ఒక పెద్దావిడ బొగ్గుల పొయ్యి ముందు నిలబడి వండుతూ ఉంటుంది. తలకు నల్ల ఊలు టోపీ. కళ్ళకు మంచుకొండల మీద జారే ఆటగాళ్ళు పెట్టుకునే పెద్ద అద్దాలు. కాగే నూనె చిట్లి కళ్ళలో పడుతుందని ఆ జాగ్రత్త.

అసలు పేరు సుపిన్యా జున్‌సుతా. ఊరు పిలిచేది జే ఫై అని. ‘జే’ అంటే అక్క, అక్కడి చైనా వాళ్ళ మాటలో. ‘ఫై’ అంటే థాయ్‌లో పుట్టుమచ్చ. మన వీధుల్లో అయితే మచ్చక్క అనేవాళ్ళం.

చైనా నుంచి వలస వచ్చిన కుటుంబం. తల్లి కోడిమాంసం నూడిల్స్ వేయించి వీధిలో అమ్మేది. అలాంటి చోటికి ఎవరైనా ఆకలేసే వస్తారు. వేడివేడిగా తిని, చెయ్యి కడుక్కుని పోతారు. ఆ పొగలో పెరిగిన పిల్ల గరిట పట్టుకోలేదు, సూది పట్టుకుంది. బట్టలు కుట్టి బతికింది. ఒకసారి అగ్నిప్రమాదం జరిగి ఉన్నదంతా కాలిపోయింది. ఇక మిగిలింది అమ్మ చేసే పనే. అలా మూకుడు ముందుకొచ్చింది.

నూడిల్స్‌తో మొదలుపెట్టి, డబ్బు కూడేకొద్దీ మంచి రొయ్యలు, మంచి పీతలు కొనడం నేర్చింది. చివరికి సొంత కొట్టు. అక్కడ అందరూ అడిగేది పీత ఆమ్లెట్. గుడ్ల సొనలో పీతమాంసం గుప్పెళ్ళకొద్దీ వేసి, మునిగేంత నూనెలో పోసి, గరిటెలతో తిప్పుతూ, చుడుతూ, బంగారు రంగు దిండులా తేలుస్తుంది. కోస్తే లోపల అంతా పీతే. యాభై బాత్‌లకు వీధిలో కడుపు నిండే ఊళ్ళో 2018లో దాని ఖరీదు దాదాపు వెయ్యి ఉండేది. ఎక్కువని సణిగినవాళ్ళున్నారు. అన్ని పీతల్ని ఒలిచి చూసినవాళ్ళు ఆ మాట అనరని నా నమ్మకం. పైగా ప్రతి ప్లేటూ ఆమె చేతి మీదుగానే రావాలి. గరిట ఇంకొకరికి ఇవ్వదు.

2017 డిసెంబరులో, రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ వాళ్ళు బ్యాంకాక్‌కు తమ మొదటి గైడ్ వేశారు. నక్షత్రాలు దక్కిన 17 చోట్లలో మెత్తటి కుర్చీలు, తెల్లటి మేజాబట్టలు ఉన్న పెద్ద పెద్ద రెస్టారెంట్లు ఉన్నాయి. వాటి మధ్య, వీధి తిండికి దక్కిన ఒకే ఒక్క నక్షత్రం జే ఫైది. అప్పటికి ఆవిడ వయసు 72. ఆ వార్త చదివిన రోజు నాకు మా ఇంటి మనిషికి వచ్చినంత సంతోషమైంది.

మర్నాటి నుంచి కొట్టు ముందు జనమే జనం. పేర్లు రాసుకుని గంటల తరబడి నిలబడేవాళ్ళు. విమానాలెక్కి వచ్చేవాళ్ళు. కూతురు కూడా వచ్చి చెయ్యి వేయాల్సి వచ్చింది.

కొన్ని నెలలకు, నక్షత్రం గురించి అడిగితే, దాన్ని వెనక్కి ఇచ్చేయాలని ఉందని చెప్పింది. వచ్చినవాళ్ళలో చాలామంది తనను చూసి ఫోటోలు తీసుకోవడానికి వస్తున్నారట. తినడానికి కాదు.