ఆ వాల్వు ఎక్కడుందో తెలిసిన అధికారి గారికి

గౌరవనీయులైన అధికారి గారికి,

మీ పేరూ హోదా రాయలేకపోతున్నందుకు మన్నించండి. సర్కారు పెద్దాసుపత్రిలో గోడలు ఒక శాఖవి, కరెంటు ఇంకో విభాగానిది, లిఫ్టు కాంట్రాక్టరుది, ఆక్సిజన్ మరో ఏజెన్సీది. మూడో అంతస్తులో కుళాయి కారితే ఏ వాల్వు కట్టేయాలో తెలిసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు. నక్షాలు దొరకవు. ఆయన తర్వాత ఆ విద్య ఎవరికి అబ్బిందో వారే అసలు అధికారి అని నమ్మి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా అభినందనలు. హైదరాబాదు గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 2,000 పడకలట, సంతోషం. అఫ్జల్‌గంజ్‌లో విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన పాత భవనం వార్డుల్లోకి 2020 జులైలో వాననీరూ మురుగూ కలిసి వచ్చాయి. ఆ నెలలోనే దాన్ని ఖాళీ చేసి తాళం వేశారు. రోగుల్ని మిగతా బ్లాకుల్లో సర్దారు. నా బెంగంతా మధ్యకాలం గురించే. శంకుస్థాపనకీ గృహప్రవేశానికీ నడుమ ఏళ్లు గడుస్తాయి, జనం మాత్రం జబ్బుపడటం వాయిదా వేసుకోరు. ఉస్మానియా అనే కాదు, మన జిల్లాల్లో ఏ పాత ఆసుపత్రిని చూసినా ఇదే కథ. కొత్తది వస్తుందన్న మాట మీద పాతదాని తీగలు మార్చడం ఆగిపోతుంది.

ఒకవేళ మార్చే ముహూర్తం వచ్చిందే అనుకోండి. టెండరు చదివితే ఆ భవనంలో మనుషులున్నారని తెలియదు. పాత తీగ తొలగించుట, కొత్త తీగ వేయుట, మీటరుకి ఇంత. ఆ తీగ చివర వెంటిలేటరు ఉందనీ, దాని మీద ఒకరి తండ్రి ఉన్నాడనీ చెప్పే వరసే ఉండదు కాబట్టి దానికి రేటూ ఉండదు. తక్కువకి పాడినవాడిదే పని. పెళ్లి జరుగుతుండగా పందిరి గుంజలు మార్చమని, కూలి మాత్రం ఖాళీ పందిరి లెక్కన ఇచ్చినట్టుంది వ్యవహారం.

పని జరిగేటప్పుడు ఈ రోగుల్ని ఎక్కడ పెడతారండీ అని అడిగితే మీ వాళ్ల దగ్గర ఒకటే జవాబు: వరండా.

ఆ వరండాకి దుమ్ము వస్తుంది. పాత గోడ, పాత సీలింగు పగలగొడితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కణాలు గాల్లోకి లేస్తాయి. మనలాంటివాళ్లకి తుమ్ముతో పోతుంది. కీమో తీసుకుంటున్నవాడి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పనిచేసే చోటు చుట్టూ గాలి చొరబడకుండా అడ్డు కట్టి, లోపలి గాలిని బయటికి లాగేసే ఫ్యాన్లు పెట్టాలి. ఒక పాత చీర, రెండు మేకులు సరిపోవు.

ఆక్సిజన్ పైపు సంగతి ఇంకా సున్నితం. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై ఒత్తిడి తగ్గితే 11 మంది పోయారు. నిమిషాల వ్యవధి అది. అలాంటి లైనుని కోసి అతుకు వేయాలంటే ఏ మంచానికి ఏ సిలిండరో ముందే నిలబెట్టుకోవాలి. అతుకు పడ్డాక ప్రతి పాయింటులోనూ వచ్చేది ఆక్సిజనేనా అని పరీక్షించాలి. ఇది చాదస్తం కాదు. ఇండోర్ ఎంవై ఆసుపత్రిలో 2016 మేలో, అప్పుడే తెరిచిన ఆపరేషన్ థియేటర్లో పైపులు తారుమారై, ఆక్సిజన్ బదులు మత్తువాయువు వెళ్లి ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడ పైపులు కొత్తవే.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. ఫ్యాన్లకీ బల్బులకీ వేసిన తీగల మీద ఏసీలూ వార్మర్లూ ఎక్కించాం. 2021లో భండారా, 2024లో ఝాన్సీ నవజాత శిశువుల వార్డుల్లో మంటలు రేగి ఒక్కోచోట పదేసి మంది పసివాళ్లు ఆ రాత్రే పోయారు. వ్యంగ్యానికి ఇక్కడ చోటు లేదు.

ఇక నా కోరిక. ఒక వార్డుని మంచాలు, ఆక్సిజన్ పాయింట్లు, మరుగుదొడ్లతో సహా సిద్ధంచేసి ఖాళీగా ఉంచండి. మొదటి వార్డువాళ్లు అందులోకి వెళ్తారు, వాళ్లు వదిలిన చోట పని పూర్తవుతుంది, రెండో వార్డువాళ్లు అక్కడికి వస్తారు. అలా భవనమంతా తిరిగి రావచ్చు. కష్టం ఎక్కడంటే, ఒకే మంచం మీద ఇద్దరుండే ఆసుపత్రిలో ఆకస్మిక తనిఖీకి వచ్చిన మంత్రిగారికి ఖాళీ మంచాలు కనబడితే సూపరింటెండెంటు ఉద్యోగం ఊడుతుంది. 2022లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో ఎలుకలు రోగిని కొరికితే సూపరింటెండెంటుని బదిలీ చేశారు. ఎలుక దూరే కన్నాన్ని బదిలీ చేసే జీవో మాత్రం నేనింతవరకూ చూడలేదు. కాబట్టి ఆ వార్డు గుమ్మానికి ఓ బోర్డు కట్టించండి: ఈ ఖాళీ కూడా పనిలో భాగమే.

గోడ లోపలి రాగి పైపుకి రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదని తెలుసు. కావాలంటే ప్రతి వాల్వు పక్కనా మీ పేరుతో ఓ ఫలకం పెట్టుకోండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఆ వాల్వు ఏ వార్డుదో కూడా రాయిస్తే రాత్రి డ్యూటీ నర్సు మీకు రుణపడి ఉంటుంది.

వచ్చే టెండరులో తీగల మీటర్ల కంటే ముందు, మొదటి వరసలోనే, ఆ ఖాళీ వార్డు ఖర్చు రాయించండి.

ఇట్లు,
ఏదో ఒకరోజు మీ ఆసుపత్రికి రాక తప్పని పౌరుడు