గురువారం తీర్పు

మన దేశంలో ఉరిశిక్ష పడ్డవాడికి కూడా రాష్ట్రపతిగారికి క్షమాభిక్ష అర్జీ పెట్టుకునే దారి ఉంది. టీవీ సీరియల్‌కి ఆ దారి లేదు. ప్రతి గురువారం రేటింగుల పట్టిక బయటికొస్తుంది. అందులో అంకె వరసగా కొన్ని వారాలు కిందికి జారిందా, హీరోయిన్ ఎంత ఏడ్చినా, అత్తగారు పాలలో ఎంత విషం కలిపినా, ఆ కథకు నూకలు చెల్లినట్టే. చూసేవాళ్ళకు ఈ సంగతి పట్టదు. వాళ్ళు అర్జీ పెడతారు. పెట్టి తీరతారు.

మనుబోలులో మా వీధి సంగతే చూడండి. ఒక సీరియల్ ప్రోమోలో ‘క్లైమాక్స్‌కి చేరువలో’ అన్న అక్షరాలు కనబడిన రాత్రి ఎదురింటి అరుగు మీద అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షత మా పెద్దమ్మ. “ఏందబ్బా ఇది! ఆ పిల్ల నీళ్ళు పోసుకుందని నిన్ననే గదా తెలిసింది. బిడ్డ పుట్టకముందే ఆపేస్తే ఎట్టా?” అని ఆమె ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ చదివే మనవరాలు నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, ‘గౌరవనీయులైన ఛానల్ యాజమాన్యం వారికి’ అని మొదలుపెట్టింది. “గౌరవనీయులేందే? పిల్లని రోడ్డున పడేసినోళ్ళకి గౌరవం గూడానా? కొట్టేయ్” అంది ఎదురింటి అత్త. కొట్టేశారు. ఆపైన డిమాండ్లు రాశారు. విలన్‌కి జైలు పడాలి. హీరోకి గతం గుర్తుకు రావాలి. సీమంతం సీన్లో అత్తగారు కట్టిన వంగపండు రంగు చీర ఏ షాపులో కొన్నారో చెప్పాలి. మూడో డిమాండు మీదే సంతకాలు ఎక్కువ పడ్డాయి.

నవ్వకండి. ఇలాంటి మొరలు దేవుడి దాకా చేరిన చరిత్ర ఉంది. కనీసం చేరినట్టు కనబడిన చరిత్ర ఉంది.

‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలైంది. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’ దానికి మూలం. అక్కడ ఏడ్చిన ప్రేమి విశ్వనాథే ఇక్కడికొచ్చి మళ్ళీ మొదటినుంచీ ఏడవాల్సి వచ్చింది. అనుమానం పెనుభూతం అనే రెండు ముక్కల సామెతను ఏళ్ళ తరబడి లాగిన కథ అది. బిడ్డ తనది కాదని భార్య దీపను అనుమానించే హీరో డాక్టర్ బాబు మామూలు డాక్టరు కాదు, గుండె డాక్టరు. డీఎన్ఏ పరీక్ష అనేది ఒకటుందని ఆయనకు కూలికి పోయే ఆడవాళ్ళు చెప్పారు, ఆటోవాళ్ళు చెప్పారు, మీమ్‌లు చేసే కుర్రాళ్ళు చెప్పారు. ఆయన వినలేదు. వింటే ఆ వారమే శుభం కార్డు పడుతుంది. మా వీధిలో అయితే పరీక్ష ఖర్చు తలా కాస్త వేసుకుంటామన్న వాళ్ళు కూడా ఉన్నారు.

ఆ సీరియల్‌కి తెలుగునాట ఎంత పట్టు ఉండేదంటే, 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా రాత్రి ఏడున్నరకే మొదలవుతుంటే, ఒకే టీవీ ఉన్న ఇంట్లో రోజూ యుద్ధమవుతోందని, సీరియల్ వేళ మార్చమని ఒక కుర్రాడు ఛానల్‌కి మొరపెట్టుకున్నాడు. వేళ సంగతి అట్లా ఉంచి, ఛానల్ వాళ్ళు ఆ ఇంటికి ఒక టీవీ బహుమతిగా ఇచ్చారు. తెలుగు అభిమానుల పోరాటాల్లో చేతికి వస్తువు దక్కిన విజయం నాకు తెలిసి ఇదొక్కటే.

2022 మార్చిలో కథ రాసేవాళ్ళకు ఏం తోచిందో, దీపనూ డాక్టర్ బాబునూ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళను చేసి, కొత్త తరం కథ మొదలుపెట్టారు. జనం పెద్దకర్మ దాకా కూడా ఆగలేదు. ఛానల్ మార్చేశారు. తిట్లు ఒకపక్క, వేడుకోళ్ళు ఒకపక్క, అన్నిటికంటే మించి గురువారం గురువారం కిందికి దిగుతున్న అంకె ఇంకోపక్క. కొన్ని నెలలు తిరిగేసరికి చనిపోయిన ఇద్దరూ బతికే ఉన్నారని తేలింది. సావిత్రి యముడి వెంట అంత దూరం నడిచి, అంత వాదించి, ఒక్క సత్యవంతుణ్ణి తెచ్చుకుంది. టీఆర్పీ కుర్చీలోంచి లేవకుండా దంపతులిద్దర్నీ తెచ్చింది.

గెలిచామనుకున్నారు అభిమానులు. 2023 జనవరి 23న, 1569 ఎపిసోడ్ల తర్వాత, సీరియల్ అయిపోయింది. మర్నాడు అదే ఏడున్నరకి ‘బ్రహ్మముడి’ వచ్చి కూర్చుంది. పోనీ అక్కడితో కథ ముగిసిందా అంటే 2024 మార్చి 25న ‘కార్తీక దీపం’ రెండో భాగం, ‘ఇది నవ వసంతం’ అంటూ అదే జంటతో, కొత్త కథతో దిగింది. కొన్నాళ్ళకి బ్రహ్మముడి మధ్యాహ్నానికి జరిగింది. సీరియల్ లోకంలో మధ్యాహ్నం ఒంటిగంట అంటే ఏమిటో తెలుసా? చంపరు. అన్నం పెడతారు. అతిథులు వచ్చినప్పుడు మాత్రం ముందు గదిలోకి రానివ్వరు.

‘గుప్పెడంత మనసు’ వాళ్ళది మరో బాధ. హీరో రిషి సార్ నెలల తరబడి తెరమీద లేడు. అభిమానులు సార్ కావాలి, సార్ రావాలి అని గోల పెట్టారు. సార్ ఆటో డ్రైవర్ రంగాగా వచ్చాడు. 2024 ఆగస్టు 31న సీరియల్ పోయింది. సార్ కావాలని అడిగారు గానీ సీరియల్ కూడా ఉండాలని అర్జీలో విడిగా రాయలేదు కాబోలు.

ఇంతకీ ఈ మొరలు వినే దేవుడెవరు? రేటింగులు లెక్కకట్టే బార్క్ అని ఒక సంస్థ ఉంది. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు ఇరవై కోట్ల పైమాటే. అందులో అరవై వేల లోపు ఇళ్ళలో టీవీ పక్కన చిన్న మీటరు పెట్టి ఉంటారు. కార్యక్రమాల శబ్దంలో మన చెవికి వినబడని ఒక గుర్తు కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పసిగట్టి ఏ ఛానల్ నడుస్తోందో రాసుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి రిమోట్‌లో ఒక్కో బొత్తాం. చూడ్డానికి కూర్చున్నవాళ్ళు తమ బొత్తాం నొక్కాలి. లెక్క కడితే సుమారు మూడున్నర వేల ఇళ్ళకు ఒక పెట్టె. ఆ ఒక్క ఇంట్లో నాయనమ్మ బొత్తాం నొక్కడం మరిచి కునుకు తీసిందంటే, మిగతా ఇళ్ళన్నిట్లో కూర్చుని కన్నీళ్ళు తుడుచుకున్న నాయనమ్మలందరి తరఫునా ఆమే కునుకు తీసినట్టు.

మా పెద్దమ్మ సీరియల్ చూస్తున్నట్టు ఈ లోకంలో ఏ పట్టికలోనూ లేదు. ఆమె ఇరవై ఏళ్ళుగా కార్చిన కన్నీరు ఏ ఖాతాలోనూ పడలేదు. ఎన్నికల్లో అయితే ఆమెకు స్లిప్పు తెచ్చిస్తారు, ఆటో పంపిస్తారు, ‘అమ్మా మరిచిపోవద్దు’ అని దణ్ణం పెడతారు. ఇక్కడ ఆమెకు ఓటే లేదు. ఉన్నదల్లా రిమోట్.

ఈ ముక్క నేను అరుగు మీద చెప్పగానే ఉద్యమం దారి మళ్ళింది. మన ఊళ్ళో ఆ పెట్టె ఎవరింట్లో ఉంది? పెట్టె ఉన్నవాళ్ళు బయటికి చెప్పకూడదు, అది రహస్యం. అంటే చెప్పనివాళ్ళందరి మీదా అనుమానమే. మూలింటి వాళ్ళ టీవీ వెనక కొత్తగా నల్ల డబ్బా ఒకటి కనబడిందని ఎవరో అన్నారు. ఆ వారం మూలింటికి మామిడికాయ వేసిన చేపల పులుసు గిన్నె నిండుగా వెళ్ళింది, గోంగూర వెళ్ళింది, ఎన్నాళ్ళగానో మాటల్లేని తోడికోడలు కూడా “బాగుండావా అక్కా” అంటూ వెళ్ళింది. ఆఖరికి ఆ డబ్బా దోమల్ని చంపే యంత్రమని తేలింది. గిన్నెలు వెనక్కి వచ్చాయి, ఖాళీగా.

అభిమానుల ఉద్యమాల్లో నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టేది ఒక్కదానికే. 1988లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ముగించేస్తున్నారని తెలిసి, పంజాబులో జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టారు. వాల్మీకిని కులగురువుగా కొలిచే జనం వాళ్ళు. ఆ మహర్షి ఆశ్రమం, సీతమ్మకు ఆయనిచ్చిన నీడ, లవకుశులు, అన్నీ ఉత్తరకాండలోనే ఉన్నాయి. తమవాడి వంతు వచ్చేసరికి శుభం కార్డు వేస్తానంటే ఎవరు ఊరుకుంటారు? ఉత్తరాది ఊళ్ళు కొన్ని చెత్తతో నిండాయి. ప్రభుత్వం దిగివచ్చింది. ఉత్తర రామాయణం తెరకెక్కింది. ఉత్తరాలు రాసి ఉంటే ఢిల్లీలో వాటిని కూడా ఏదో ఒక మూల చెత్తలోనే కలిపేవారు. వాళ్ళు నేరుగా చెత్తనే పంపారు, అంటే ఎత్తకుండా ఉంచారు. అప్పటికి ఈ పెట్టెలూ లేవు, గురువారమూ లేదు.

అమెరికావాళ్ళు ఈ విద్యలో మనకంటే పాతకాపులు. 1968లోనే ‘స్టార్ ట్రెక్’ ఆపొద్దని ఉత్తరాల వర్షం కురిపించారు. 2007లో ‘జెరికో’ అనే సీరియల్‌ని ఆపేస్తే, అందులో హీరో ఆఖర్న అన్న ‘నట్స్’ అనే మాటను పట్టుకుని, ఆ ఛానల్ ఆఫీసుకి టన్నుల కొద్దీ వేరుశనక్కాయలు పంపారు. ఇరవై టన్నులకు పైనే. ఛానల్ దిగొచ్చి ఏడు ఎపిసోడ్లు ఇచ్చింది. రేటింగ్ రాలేదు. 2008లో మళ్ళీ ఆపేసింది. శనక్కాయలు మాత్రం తిరిగి అడగలేదు.

మనమేం పంపాలి అని అరుగు మీద చర్చ. పక్కనే గూడూరు నిమ్మకాయల మార్కెట్టు. ఒక లారీ నిమ్మకాయలు పంపితే, దిష్టి తీసినట్టూ ఉంటుంది, హెచ్చరించినట్టూ ఉంటుందని ఒకరు. ధర విన్నాక ప్రతిపాదన వీగిపోయింది. మొలగొలుకుల బియ్యం పంపుదామంటే, “వాళ్ళకి మొలగొలుకులా? మనమే రేషన్ బియ్యం తింటుండాం” అని అత్త అడ్డు తగిలింది.

ఆగిపోయిన కథను ఎత్తుకోవడం మా నెల్లూరు వాళ్ళకు కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయగారు భారతం మొదలుపెట్టి రెండు పర్వాలు పూర్తిచేసి, మూడోది సగంలో ఉండగా ఆగిపోయారు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి మంత్రి తిక్కనగారు నెల్లూరులో అందుకున్నారు. అందుకున్నది మిగిలిన సగం నుంచి కాదు, విరాటపర్వం నుంచి. మధ్యలో ముక్క వదిలేసి పదిహేను పర్వాలు లాగించారు. ఆ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించారు, పైగా నన్నయగారి పేరుమీదే. మూడు సీజన్లు, ముగ్గురు దర్శకులు, దాదాపు మూడు వందల ఏళ్ళ వ్యవధి. ఒక్క ప్రోమో లేదు. పాత్రధారి మారాడని కింద స్క్రోలింగూ లేదు.

వీధిలో ఎదుటి పక్షం కూడా ఉంది. మగవాళ్ళు, పరీక్షలున్న పిల్లలు, ఒకరిద్దరు కోడళ్ళు. వీళ్ళ డిమాండు ఆపేయమని. వీళ్ళ అర్జీకి బలం తక్కువేం కాదు. ఈటీవీలో ‘అభిషేకం’ 2008 డిసెంబరులో మొదలై 2022 ఫిబ్రవరిలో 4000 ఎపిసోడ్లు నిండాక ముగిసింది. అది మొదలైనప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల ముగిసేనాటికి కాలేజీలో ఉంది. నిజానికి ఉండమని బతిమాలాల్సింది ‘అమృతం’ లాంటి వాటిని. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ నవ్వుల సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో వచ్చి, మర్యాదగా సెలవు తీసుకుంది. 2020 ఉగాదికి జీ5లో ద్వితీయంగా తిరిగొచ్చింది గానీ, పాతదాన్నే తిప్పితిప్పి చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఏడిపించేవాళ్ళకు ఆయుష్షు ఎక్కువ అని నేనంటే, అది సీరియళ్ళ గురించే అంటున్నానని మా ఆవిడ నమ్మదు.

మా పెద్దమ్మ అర్జీ పోస్టులో పడింది. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు చాలావరకు మా స్టేషన్‌లో ఆగకుండానే కూతపెట్టి పోతాయి కాబట్టి, హైదరాబాదు దాకా వెళ్ళి ఎవరూ ధర్నా చేయబోవడం లేదు. అందుకని ఈ కాలమ్ ద్వారా, మీటరు ఉండి బయటికి చెప్పని ఆ ఇంటివారికి ఒక మనవి. డబ్బులిచ్చి ఫలానా ఛానలే చూడమనడం తప్పు. 2020 అక్టోబరులో ముంబై పోలీసులు ఆ ఆరోపణ మీదే అరెస్టులు చేశారు, ఆ గొడవలో వార్తా ఛానళ్ళ రేటింగులు 2022 మార్చి దాకా ఆగిపోయాయి, అయినా వాళ్ళ అరుపులు ఆగలేదు. కనుక మేం రూపాయి ఇవ్వం, పులుసు కూడా ఇకమీదట ఇవ్వం. మీకు నచ్చిందే చూడండి. కానీ చూసేటప్పుడు ఎవరి బొత్తాం వాళ్ళు నొక్కండి, పొరపాటున చర్చా కార్యక్రమం పెట్టి నిద్రపోకండి. మూడున్నర వేల ఇళ్ళవాళ్ళం మీ నిద్రను కూడా మా ఖాతాలోనే రాయించుకోవాల్సి వస్తోంది.