తుంగతుర్తి గీజరు ఆత్మకథ

రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇంటి ప్రకటనలో అన్నిటికన్నా ముఖ్యమైనది వసతుల జాబితా. ఇల్లు చూడకుండా డబ్బు కట్టే మనిషి దాన్నే నమ్ముకుంటాడు. ఏసీ, వేడి నీళ్ళు, తాగునీరు, పార్కింగ్, వంటగది, వైఫై: ఒక్కో పేరు పక్కన ఒక్కో టిక్కు. ఆ వస్తువు ఇంట్లో ఉందన్నంత వరకే టిక్కు చెబుతుంది. అది పనిచేస్తున్నదా, ఎంతమందికి సరిపోతుంది, ఏ వేళ అందుతుంది అన్నవి పక్కన ఒక వాక్యం రాస్తేనే తెలుస్తాయి. ఆ వాక్యం ఎవరూ రాయకపోవడం వల్ల మాట పడి, చివరికి పాత సామాన్ల బండి ఎక్కిన 15 లీటర్ల గీజరు ఒకటి తన సంగతి తాను చెప్పుకుంటున్న వివరం ఇది.

ఈ గీజరు ఉన్న ఊరు తుంగతుర్తి. సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నల్గొండ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. తుంగతుర్తి రావాలంటే సూర్యాపేట దగ్గర ఆ రహదారి వదిలి, అర్వపల్లి మీదుగా లోపలికి రావాలి. బస దొరికే హోటళ్ళు, లాడ్జీలు ఎక్కువగా రహదారి మీది పట్టణాల్లోనే ఉంటాయి. అందుకే పెళ్ళిళ్ళకు వచ్చే చుట్టాలకు, ఫణిగిరి బౌద్ధ క్షేత్రం చూడవచ్చేవాళ్ళకు, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరకు సొంత ప్రాంతం చేరేవాళ్ళకు ఊళ్ళోనే ఒక ఇల్లు రెండు రోజులకు దొరకడం పెద్ద సాయం. పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డాక ఖాళీ పడిన ఒక డాబా ఇంటి పై అంతస్తు అలా అద్దెకు వచ్చింది. గీజరు అంతకు ముందు నుంచీ ఆ ఇంటిదే.

దీని తయారీ గురించి చెప్పవలసింది కొద్దే. లోపల గాజు పూత పూసిన ఉక్కు ట్యాంకు, వేడి పోకుండా చుట్టూ ఫోము, 2,000 వాట్ల హీటింగ్ ఎలిమెంటు, నీళ్ళు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే వాల్వు, ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ. ఇలాంటి నిల్వ గీజర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2082. దాని శక్తికి లెక్క ఉంది. 25 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ల కరెంటు పడుతుంది. 2,000 వాట్లకు అది 18 నుంచి 20 నిమిషాల పని. ఆ నీళ్ళకు చన్నీళ్ళు కలిపి 40 డిగ్రీల స్నానపు వేడికి తెస్తే దాదాపు 35 లీటర్లవుతాయి, అంటే రెండు బకెట్లు. ఒక విడతకు ఈ గీజరు ఇవ్వగలిగింది అంతే. అంతకన్నా ఎక్కువ ఇస్తానని అది ఎన్నడూ చెప్పలేదు. దాని ఒంటి మీది చీటీలో ‘15 లీటర్లు’ అని స్పష్టంగా ఉండేది.

ఆ రెండు బకెట్లూ ఇల్లు నిండుగా ఉన్న రోజుల్లో బాగా సరిపోయేవి. ఇంటి పెద్దావిడ తెల్లవారకముందే లేచి స్విచ్చి వేసేది. మొదటి బకెట్టు పొలం పోవలసిన పెద్దాయనకు. పురుటికి వచ్చిన కూతురు ఉన్నన్నాళ్ళు రెండోది పసిబిడ్డ లాలకు. ఎర్ర లైటు ఆరేదాకా ఆమె ఎవరినీ నల్లా తిప్పనిచ్చేది కాదు. ఏడాదికోసారి, సంక్రాంతికి ఇల్లు కడిగేటప్పుడు, మెకానిక్‌ను పిలిపించి ట్యాంకు అడుగున చేరిన తెల్లటి సున్నపు పొర తీయించేది, కడ్డీ అరిగితే మార్పించేది. పనిముట్టుకు తన పని తెలిసిన మనిషి చేతిలో ఉండడమే గౌరవం. ఈ గీజరు గర్వంగా చెప్పుకునే కాలం అదొక్కటే.

పెద్దావిడ పోయాక ఇంటి తాళంచెవి చేతులు మారింది. ప్రకటన రాసినవారు ఇంట్లో ఒక్కపూట కూడా స్నానం చేయలేదు. ఫోనుతో బాత్రూము ఫొటో తీశారు, ‘24 గంటలూ వేడి నీళ్ళు’ అని రాశారు, టిక్కు పెట్టారు. ఆ నాలుగు మాటల్లో ఈ గీజరుకు చేతనైనది ఏదీ లేదు. కరెంటు లేనప్పుడు అది నీళ్ళు కాచలేదు. ఇళ్ళలో ఉండే మామూలు ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు చాలుతుంది గానీ 2,000 వాట్ల భారం మోయలేదు. మూడో మనిషి స్నానానికి వస్తే ఇరవై నిమిషాలు ఆగాలి. నిజానికి రాయవలసింది చిన్నదే: ‘15 లీటర్ల గీజరు. ఒక విడతకు రెండు బకెట్లు, మళ్ళీ కాగడానికి 20 నిమిషాలు. కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది.’ ఇంత రాస్తే ఎవరూ బుకింగ్ మానుకోరు. ఒక గంట ముందు లేస్తారు.

మాఘమాసపు పెళ్ళికి కోదాడ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఆ ఇంట్లో దిగింది. తెల్లవారుజామున ముహూర్తం. మొదట ఇద్దరు మగవాళ్ళు స్నానాలు కానిచ్చారు. తర్వాత ముసలావిడ వచ్చి పీట మీద కూర్చుంది. చెంబు ముంచి ముందు మోచేతి మీద పోసుకుని ఆగిపోయింది. “ఉడుకు నీళ్ళు ఎప్పుడంటే అప్పుడుంటయన్నరు గద బిడ్డా. ఇవి గోరువెచ్చగ గూడ లేవు,” అన్నది. “జర ఆగమ్మా, ఎర్ర లైటు ఇంక ఆరలే,” అన్నాడు కొడుకు తలుపవతల నుంచి. కాసేపటికి లైటు ఆరింది, నీళ్ళు కాగకముందే కరెంటు పోయి. ముహూర్తం ఆగదు గనుక ఆమె ఆ నీళ్ళే పోసుకుని, వణుకుతూ శాలువా కప్పుకుని పెళ్ళికి వెళ్ళింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ తిట్టింది గీజరును. టిక్కు పెట్టిన చేతిని తిట్టినవారు లేరు. ఈ గీజరు మనసులో మిగిలిన కష్టం ఇదే: అబద్ధం ఒకరు రాస్తే నింద ఇంకొకరికి వచ్చింది, చలి మూడోవారు పడ్డారు.

అప్పటికే దాని ఒంట్లో బలం తగ్గింది. నల్గొండ ప్రాంతపు బోరు నీళ్ళు చాలాచోట్ల కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం వరకు మంచిదంటుంది. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. కఠిన జలం కాగినప్పుడు అందులోని బైకార్బనేట్లు విడిపోయి, కార్బనేట్ పొరగా ఎలిమెంటు మీద గడ్డకడతాయి. ఆ పొర వేడిని నీళ్ళలోకి సులువుగా పోనివ్వదు. ఎలిమెంటు అతిగా వేడెక్కుతుంది, నీళ్ళు కాగడం ఆలస్యమవుతుంది. మెగ్నీషియం కడ్డీ పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకు మీదికి వస్తుంది. గోడ మీద ఎర్రటి చార కనిపించినప్పుడు దాని మీద సున్నం వేశారు. చుక్కలు పడుతుంటే కింద మగ్గు పెట్టారు. ఏడాదికోసారి శుభ్రం చేయించి ఉంటే ఇంకా కొన్నేళ్ళు పనిచేసే పనిముట్టు ఇలా మూలపడింది. ప్రకటనలోని టిక్కు మాత్రం అలాగే ఉంది.

జాబితాలో గీజరు పక్కనున్న మిగతా వసతులకూ ఇదే అన్యాయం జరిగింది. ‘తాగునీరు’ అని రాశారు. బోరు నీళ్ళా, మిషన్ భగీరథ నల్లా నీళ్ళా, డబ్బాల్లో తెచ్చే ఆర్‌వో నీళ్ళా అన్నది రాయలేదు. పాత నల్గొండ జిల్లాలో ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడి భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలను వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళు తాగడానికి పనికిరావు, కాచినా ఫ్లోరైడ్ పోదు. పసిపిల్లలతో వచ్చే తల్లికి ‘తాగునీరు’ అన్న ఒక్క మాట చాలదు. మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న మొదలయ్యాక శుద్ధి చేసిన నదీజలం పల్లెలకు వస్తోంది. ఇంటికి ఆ నల్లా ఉంటే ఆ సంగతే రాయాలి, ఏ వేళ వస్తుందో కూడా రాయాలి.

ఏసీ కూడా అంతే. రెండు పడకగదులున్న ఇంట్లో ఒక్క గదికే ఏసీ ఉంటే ‘ఏసీ ఇల్లు’ అనకూడదు. ఏ గదిలో ఉందో, టన్నా, ఒకటిన్నర టన్నా, కరెంటు చార్జీ విడిగా తీసుకుంటారా అన్నది చెప్పాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే జిల్లాలో రెండో గదిలో పడుకునే మనిషికి అది ముఖ్యం. మరుగుదొడ్డి కమోడా, నేల మీదిదా అన్నది మోకాళ్ళ నొప్పులున్నవారికి మొదటి ప్రశ్న. పై అంతస్తుకు ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా అన్నది రెండోది. పార్కింగ్ అంటే కారుకా, పెళ్ళివారి బస్సుకా చెప్పాలి. వంటగది అంటే స్టవ్వు, సిలిండరు, గిన్నెలు ఉన్నాయా, మాంసం వండుకోవచ్చా చెప్పాలి. దూరం రాసేటప్పుడు ‘హైవేకు దగ్గర’, ‘ఫణిగిరికి దగ్గర’ అనడం దారి చూపదు. కిలోమీటర్లు, రోడ్డు తీరు, ఆఖరి బస్సు వేళ చూపుతాయి. ఫొటో ఎప్పుడు తీసిందో రాయాలి. ఇంటి బయట సీసీ కెమెరా ఉంటే ముందే చెప్పాలి. ఇంటి లోపల కెమెరాలను అద్దె ఇళ్ళ బుకింగ్ వేదిక ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా నిషేధించింది.

ఇదంతా మర్యాదకు సంబంధించినది మాత్రమే అనుకోకూడదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బస ఏర్పాటును కూడా సేవగానే లెక్కిస్తుంది. సేవను తప్పుగా వర్ణించడం, లేని హామీ ఇవ్వడం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం ఆ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటికి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కూడా ఇళ్ళను గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులుగా విడదీసేది అధికారులు వచ్చి చూసిన తర్వాతే. వసతులు కంటితో చూసి తేల్చుకోవలసినవి అన్నది అందులోని సూత్రం. అద్దెకిచ్చే ప్రతి ఇంటి యజమానీ అదే పని ముందు తానే చేసుకోవాలి.

ఈ గీజరుకు మాత్రం ఆ చూపు దక్కలేదు. ట్యాంకు పూర్తిగా చిల్లుపడ్డ రోజున ప్లంబరు దాన్ని గోడ నుంచి ఊడదీసి, పైపుకు డమ్మీ బిగించాడు. కొన్నాళ్ళు మెట్ల కింద, విరిగిన కుర్చీల పక్కన పడి ఉంది. తర్వాత పాత ఇనప సామాను కొనే ఆటో వచ్చింది. వైరు, ఎలిమెంటు ఊడదీసి వేరే సంచిలో వేశారు. ట్యాంకును ఇనుము ధరకు తూకం వేశారు. లోపలి ఫోము రోడ్డు పక్కన పడింది. ‘15 లీటర్లు’ అన్న చీటీ అప్పటికీ చెక్కు చెదరలేదు.

ప్రకటనలో మాత్రం అది ఇంకా ఉంది. కొత్తగా, తెల్లగా, ఎర్ర లైటు వెలుగుతున్న పాత ఫొటో. పక్కన ‘24 గంటలూ వేడి నీళ్ళు’ అన్న మాట. ఆ మాట పక్కన టిక్కు. వచ్చే జాతరకో, వచ్చే మాఘమాసానికో ఆ మాట నమ్మి ఇంకొక కుటుంబం ముసలితల్లిని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది.

ఇల్లు అద్దెకిచ్చేవారికి ఈ గీజరు విన్నపం ఒక్కటే. ప్రకటన రాసేముందు ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకోండి, తెల్లవారుజామున ఆ నీళ్ళతోనే స్నానం చేయండి, ఆ నల్లా నీళ్ళే తాగండి. కొలతతో రాయండి. లేనిదాన్ని లేదని రాయండి. ఏడాదికోసారి పనిముట్లను బాగుచేయించండి. ఏదైనా చెడిపోతే దాన్ని గోడ నుంచి తీసిన రోజే ప్రకటన నుంచి కూడా తీసేయండి.