దెబ్బ తగిలినవాడికి చెప్పకూడని సలహాలు

ప్రెస్ మిషన్ కింద వేలు నలిగిన మనిషిని ఇంకా ఆస్పత్రికి చేర్చకముందే సలహాలు మొదలవుతాయి. జీడిమెట్లలోనైనా, పాశమైలారంలోనైనా, గాజువాకలోనైనా ఇంచుమించు అవే మాటలు. చెప్పేవాళ్లు పగవాళ్లేం కాదు. ఊరి నుంచి పనికి తీసుకొచ్చిన మేస్త్రి, గదిలో పక్క చాప మీద పడుకునే స్నేహితుడు, ఫోన్లో మేనమామ. అందరికీ ఉన్న భయం ఒకటే: కేసంటే పని పోతుందని. ఆ భయం ఉత్తది కాదు. పరిహారం అడిగినవాడిని వదిలించుకునే యాజమాన్యాలు ఉన్నాయి. పైగా తీసేసేటప్పుడు ఉత్తరం ఇచ్చే అలవాటు లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ పాస్ తీసుకుంటాడు, ‘రావద్దన్నారు’ అంటాడు, కథ ముగిసింది. ఎందుకు తీసేశారో ఎక్కడా రాసి ఉండదు గనుక, రుజువంతా కార్మికుడి చేతిలోనే ఉండాలి. అతనికి అందే సలహాలు మాత్రం ఆ రుజువును పుట్టకముందే చంపేస్తాయి. ఇవి దయచేసి ఎవరికీ చెప్పకండి.

“ఇంట్ల జారి పడ్డనని చెప్పు తమ్మీ.” అన్నిటికంటే ముందు వచ్చే సలహా ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది ‘ఎట్లా తగిలింది?’ అని. చెప్పిన జవాబు కేస్ షీట్ మొదటి వరుసలోకి ఎక్కుతుంది. ‘ఇంట్లో జారి పడ్డాడు’ అని అక్కడ పడ్డాక, ఆర్నెల్ల తర్వాత ‘కాదండీ, మిషన్లో పడింది’ అంటే అవతలి వకీలు ఆ ఒక్క వరుస చదివి కూర్చుంటాడు. కార్మిక బీమా అయిన ఈఎస్ఐలో ఈ తేడా డబ్బుల్లో కనబడుతుంది. మామూలు జబ్బుకైతే జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే, అంతకుముందు చందాలు కట్టి ఉంటేనే. పనిలో తగిలిన దెబ్బకైతే సుమారు 90 శాతం, మళ్లీ పని చేయగలిగేదాకా. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. శాశ్వత వైకల్యం మిగిలితే నెలనెలా జీవితాంతం వచ్చే సొమ్ము కూడా ‘పనిలో తగిలింది’ అన్న మాట మీదే ఆధారపడుతుంది. డాక్టర్‌తో ఏ మిషన్, ఏ షిఫ్టు, ఎన్ని గంటలకు, అన్నీ చెప్పించండి. గాయపడినవాడు మాట్లాడలేకపోతే పక్కనున్నవాళ్లే చెప్పవచ్చు. ఫ్యాక్టరీలో యాక్సిడెంట్ బుక్ ఉంటుంది. అందులో రాయించి, ఆ పేజీని ఫోన్లో ఫొటో తీయండి.

“ఓనర్ మంచోడు, ఆస్పత్రి బిల్లు ఆయనే కడుతున్నాడు, పైన యాభై వేలు ఇస్తనంటున్నాడు, తీస్కో.” బిల్లు కడితే కట్టనివ్వండి, అందులో తప్పేం లేదు. అసలు రావలసిందెంతో తెలుసుకోకుండా యాభై వేలకు సరేననడమే తప్పు. ముప్పై ఏళ్ల కార్మికుడు, నెల వేతనం 15 వేలు, బొటనవేలు పోయింది అనుకుందాం. చట్టం పట్టికలో బొటనవేలికి 30 శాతం సంపాదన నష్టం అని రాసి ఉంది. ఈఎస్ఐ లేనిచోట 1923 నాటి పరిహార చట్టం లెక్క ఇలా ఉంటుంది: వేతనంలో 60 శాతం అంటే 9 వేలు, దాన్ని ముప్పై ఏళ్ల వయసుకు పెట్టిన 207.98తో హెచ్చించి, వచ్చినదాంట్లో 30 శాతం తీయాలి. 5 లక్షల 61 వేలు దాటుతుంది. నెలలోపు ఇవ్వకపోతే వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే సగం దాకా జరిమానా. ఈఎస్ఐ ఉంటే ఈ మొత్తం రాదు, దాని బదులు అదే వేలికి నెలకు సుమారు 4 వేలు బతికినన్నాళ్లూ వస్తుంది. ‘ఇంతటితో నా హక్కులన్నీ వదులుకుంటున్నాను’ అని బాండ్ పేపర్ మీద రాయించుకున్నా చట్టం ముందు ఆ ఒప్పందం చెల్లదు.

పట్టికలో ఉన్న శాతమే ఆఖరి మాట కూడా కాదు. 1968లో ఒడిశా జయపురంలో సినిమా హాలు పనిలో పైనుంచి పడి ఒక వడ్రంగి ఎడమ చేయి మోచేతి దగ్గర పోయింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు గనుక అతనిది పూర్తి వైకల్యమేనని కార్మిక పరిహార కమిషనర్ అన్నారు. 1975లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసి, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని చెప్పింది. అందుకే ఏం పోయిందో చెప్పి ఊరుకోకుండా, ఏ పని చేసేవాడో కూడా చెప్పాలి.

“నువ్వే మిషన్ గార్డు తీసేసినవ్, తప్పు నీదే.” ఈఎస్ఐలో ఈ మాటకు పెద్ద విలువ లేదు, యజమాని పని మీద ఉండగా జరిగిందా అన్నదే ముఖ్యం. ఉత్పత్తి లెక్క కోసం గార్డు తీయమన్నది ఎవరో షాపు ఫ్లోర్ మీద అందరికీ తెలుసు.

“కాంట్రాక్ట్ లేబర్‌కు ఏముంటది?” చాలా ఉంటుంది. ఎవరి ఫ్యాక్టరీలో పని జరిగిందో ఆ ప్రధాన యజమాని బాధ్యుడు, కాంట్రాక్టర్ నుంచి తర్వాత రాబట్టుకోవడం ఆయన తలనొప్పి. ఈఎస్ఐ చందా కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు. ఈఎస్ఐ కార్పొరేషన్ చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేయవచ్చు.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది: “సంతకం పెట్టెయ్, బాగయినంక మళ్ల పిలుస్తరు.” ఆ కాగితం తెల్లదైనా కావచ్చు, ‘నా సొంత కారణాల వల్ల రాజీనామా’ అని ఇంగ్లిష్‌లో టైపు చేసిందైనా కావచ్చు. చేతికి కట్టున్నవాడితో ఎడమచేతి వేలిముద్ర వేయించుకునే తొందర చూస్తేనే ఆ కాగితం ఎవరికి అవసరమో అర్థమవుతుంది. ఆ సంతకంతో తీసేసినవాడు లేకుండా పోతాడు, మానేసినవాడు మాత్రమే మిగులుతాడు. కార్మికుడు ఈఎస్ఐ చికిత్సలో ఉండగా తొలగించకూడదని, ఆ సమయంలో ఇచ్చిన నోటీసు చెల్లదని 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పింది. కక్షతో తీసేయడం అన్యాయమైన కార్మిక విధానమని పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కార్మిక స్మృతీ (లేబర్ కోడ్) చెబుతోంది. రాజీనామా చేసినవాడికి ఇవేవీ అక్కరకు రావు. 2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టాలు కొత్త స్మృతుల్లోకి మారాయి గనుక, ప్రమాదం తేదీ చెప్పి ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి. రాజీనామా సంతకం మాత్రం ఏ చట్టం కిందైనా పెట్టకండి.

“రమ్మనేదాకా ఇంట్ల కూర్చో” అనేది చివరి సలహా. అలా కూర్చుంటే ‘చెప్పకుండా పని మానేశాడు’ అని కంపెనీ రాసుకుంటుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చిన రోజే గేటు దగ్గరికి వెళ్లాలి. ఆపితే అదే సాయంత్రం తెలుగులోనే ఇంత రాస్తే చాలు: ‘నేను మీ ఫ్యాక్టరీలో ఫలానా తేదీ నుంచి పని చేస్తున్నాను. ఫలానా రోజు ప్రెస్ మీద నా బొటనవేలు పోయింది. ఈ రోజు నుంచి డ్యూటీకి రావచ్చని ఈఎస్ఐ డాక్టర్ రాశారు. వస్తే గేటు దగ్గర ఆపారు. నేను పనికి సిద్ధంగా ఉన్నాను.’ కంపెనీకి ఒకటి, కాంట్రాక్టర్‌కు ఒకటి, లేబర్ ఆఫీసుకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. పరిహారానికైనా తొలగింపు వివాదానికైనా రెండేళ్లు దాటనివ్వకండి. వకీలుకు ఇవ్వడానికి డబ్బుల్లేవని ఆగిపోవద్దు, పారిశ్రామిక కార్మికుడికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వెళ్లేటప్పుడు కేస్ షీట్ నకలు, యాక్సిడెంట్ బుక్ ఫొటో, ఆ మూడు రసీదులు వెంట తీసుకెళ్లండి.