నీళ్లు నడిచే వంతెన: కేసీ కాలువ ఆత్మకథ

నన్ను అందరూ కేసీ కెనాల్ అంటారు. కాగితాల మీద నా పేరు కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రను విడిచి బయల్దేరి, నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడుపుకుంటూ, మూడొందల కిలోమీటర్లకు పైగా నడిచి కడప దగ్గర కృష్ణరాజపురం చేరతాను. దారిలో నాకు నది అడ్డొచ్చింది, మిట్ట అడ్డొచ్చింది, కరువూ అడ్డొచ్చింది. వాటిని ఎలా దాటానో చెబితే నా కథంతా చెప్పినట్టే.

నా పుట్టుకకు బీజం సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టా రూపం మార్చిన ఆయన, మెట్ట సీమలకు కాలువలే దిక్కని గట్టిగా నమ్మాడు. తుంగభద్రను పెన్నాతో కలిపితే పొలాలకు నీళ్లూ అందుతాయి, సరుకుల పడవలూ తిరుగుతాయి అన్నది ఆయన లెక్క. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ ఆ పనిని తలకెత్తుకుంది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863 నుంచి 1870 వరకు పారలతో, గునపాలతో, గంపలతో నన్ను తవ్వారు.

బయల్దేరిన కాసేపటికే కర్నూలు దగ్గర హంద్రీ నది ఎదురైంది. తుంగభద్రలో కలవడానికి అది అడ్డంగా వస్తోంది, నేను ముందుకు పోవాలి. హంద్రీని నాలో కలుపుకుంటే అది తెచ్చే ఇసుకతో నేను పూడిపోతాను. అందుకే నన్ను ఎత్తి, నది మీదుగా రాతి కమానులపై దాటించారు. దాన్నే అక్విడక్టు అంటారు. కింద నది, పైన కాలువ. బండ్లు వంతెన మీదికి వస్తాయి, పోతాయి. నీళ్లు అలా కాదు. ఘనమీటరు నీరు టన్ను బరువు. సాగు కాలమంతా ఆ బరువు రాయి మీదే ఉంటుంది.

ఇనుము లేకుండా ఆ బరువును మోసేది కమానే. పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కిన రాళ్లను వంపుగా పేర్చి, నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. కింద ఊతంగా పెట్టిన కొయ్య చట్రం తీసేశాక, ఒక్కో రాయీ పక్క రాయిని నొక్కుతూ బరువును స్తంభాలకు అందిస్తుంది. పై బరువు రాళ్లను విడదీయదు, ఇంకా బిగిస్తుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద కట్టించిన పురానాపూల్ నిలబడిందీ ఈ సూత్రం మీదే. నాకంటే ముందే కోనసీమలో గన్నవరం అక్విడక్టూ, గంగా కాలువను రూర్కీ దగ్గర సోలానీ నది మీదుగా దాటించే అక్విడక్టూ ఇలాగే నీటిని మోశాయి. ఇలాంటి కట్టడానికి శత్రువు పైనున్న బరువు కాదు, ఊరే నీరు. అతుకుల్లోంచి తడి దిగితే సున్నం కరిగి కమాను అడుగున తెల్లటి చారలు కడుతుంది. ఆ చార కనపడిన నాడే మరమ్మతు చేస్తే రాయి తరాల తరబడి నిలుస్తుంది.

ఆ తర్వాత మిట్టకందాల దగ్గర మిట్ట అడ్డొచ్చింది. దానికి ఇవతలి వాన కృష్ణకు పోతుంది, అవతలి వాన పెన్నాకు పోతుంది. ఆ మిట్టను కోసి నన్ను అవతలికి పంపారు. అక్కణ్నుంచి ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ లోయలోకి దిగాను. సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు కుందూ నీటిని ఆపి మళ్లీ నా దారికి మళ్లిస్తాయి.

ఇంత చేసినా మొదట్లో నా నీళ్లకు అడిగేవాళ్లు తక్కువ. నంద్యాల నల్లరేగడి వాన తేమను పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి వర్షానికే పండేవి. నీరు ఎక్కువైతే ఆ నేల చిత్తడిగా మారుతుంది. పైగా నీటి తీరువా ఒకటి. నేల గుణం తెలిసిన రైతు తొందరపడలేదు. 1876-78 మహా కరువు వచ్చాక గానీ నా గట్టుకు జనం చేరలేదు. కంపెనీ మాత్రం అప్పటికే నష్టాల్లో ఉంది. 1882లో ప్రభుత్వం నన్ను కొనేసింది. లాకుల గుండా మెట్టుమెట్టుగా దిగుతూ సాగిన పడవల రాకపోకలు 1933తో ఆగిపోయాయి. అప్పటి నుంచి నేను పూర్తిగా సేద్యానిదాన్ని.

ఇవాళ నా ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ నాకు 39.9 టీఎంసీలు కేటాయించింది. నంద్యాల సోనా బియ్యం వెనక నా నీళ్లున్నాయి. రాతిని దేవుడిగా మలిచే ఆళ్లగడ్డ శిల్పుల ఊరి చుట్టూ పచ్చదనంలోనూ నా వాటా ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు సుంకేసుల దగ్గర నా తలాపునే గట్టు తెగింది. దాన్ని మళ్లీ కట్టుకున్నారు. తుంగభద్రలో నీరు తగ్గిన ఏళ్లలో ఆదుకోవడానికి ముచ్చుమర్రి ఎత్తిపోతలతో శ్రీశైలం వెనక జలాలను కూడా నాలో పోస్తున్నారు.

నాకున్న పెద్ద బాధ చివరి ఆయకట్టు. ఎగువన ఒక తూము లెక్కకు మించి తెరుచుకుంటే, దిగువన నాటు వేసిన మడి నెర్రెలిస్తుంది. రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలా తిరిగే రైతునూ, నీళ్లు రాలేదని తూములు చూసే లష్కర్‌ను నిలదీసే రైతునూ నేను ఏటా చూస్తున్నాను. ఇద్దరిదీ ఒకే ఆకలి. పైగా పట్నాల్లో మురుగునూ చెత్తనూ నాలో పారబోస్తే అవి ఆ పొలాల్లోకే పోతాయి.

కాబట్టి నా గట్టున ఉండే మీకు నాదొక మనవి. నాలో చెత్త వేయకండి. గట్టును ఆక్రమించకండి. మీ వంతు తీరగానే తూము దించండి. హంద్రీ మీద కమానులకు ఏటా చేయాల్సిన మరమ్మతు కోసం అధికారులను అడగండి. నది మీదుగా దాటించి తెచ్చిన నీరు చివరి మడికి చేరితేనే నన్ను తవ్వినవాళ్ల కష్టానికి ఫలం.