బీదర్ కొట్టుకు లాటిన్ స్వాగతం

బీదర్‌లో ఒక ఆటసామాన్ల కొట్టుకు వెబ్‌సైటు ఉంది. తెరవగానే లాటిన్‌లో స్వాగతం చెబుతుంది. ఈ ఊళ్లో కన్నడం నడుస్తుంది, దక్కనీ ఉర్దూ నడుస్తుంది, మరాఠీ నడుస్తుంది, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి బస్సు దిగేవాళ్ల తెలుగూ నడుస్తుంది. లాటిన్ మాట్లాడేవాడు బ్యాటు బేరం చేసిన దాఖలా మాత్రం లేదు. అయినా "మా గురించి" అనే పేజీ నిండా లోరెమ్ ఇప్సమే. ఖాళీ జాగా ఎలా నిండుతుందో చూసుకోవడానికి అచ్చు పనివాళ్లు వాడుకునే ముక్కలవి. సిసెరో అనే రోమన్ పండితుడు క్రీ.పూ. 45లో సుఖదుఃఖాల మీద రాసిన గ్రంథాన్ని తెగ్గోసి, కలగలిపి తయారుచేశారు. వాటిని తీసేసి అసలు మాటలు పెట్టడం సైటు కట్టినవాడు మరిచిపోయాడు. కొట్టు యజమాని కనిపెట్టలేదు, అది ఇంగ్లీషే అనుకున్నాడు. సుఖం కట్టినవాడిది, దుఃఖం డబ్బు కట్టినవాడిది. ఈ పంపకం సిసెరో గారికి ముందే తెలుసేమో.

ఆ కొట్టు పేరు చెప్పను. అవసరమూ లేదు. ఈ సైట్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, పేరు మీరే పెట్టుకోండి.

కథ ఎప్పుడూ ఒకలాగే మొదలవుతుంది. మధ్యాహ్నం ఎండకు షట్టరు సగం దించి యజమాని కునుకు తీసే వేళ, మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడొకడు వంగి లోపలికి వస్తాడు.

"సేఠ్, ఆన్‌లైన్‌లో మీరు లేరు."

"ఇక్కడే ఉన్నాను కదయ్యా, పొద్దున్నుంచి."

"ఇక్కడ ఉంటే లెక్కలోకి రాదు సేఠ్. ప్రపంచమంతా మీ కస్టమరే. బీదర్‌ను ప్రపంచానికి మేం చూపిస్తాం."

ఇక్కడ కాస్త ఆగాలి. బీదర్‌ను ప్రపంచానికి చూపించాలట! పదిహేనో శతాబ్దంలో, 1470 ఆ ప్రాంతంలో, అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు రష్యాలోని త్వేర్ నుంచి సముద్రాలు దాటి వచ్చి, వెంట తెచ్చుకున్న గుర్రాన్ని ఈ బీదర్‌లోనే అమ్ముకున్నాడు. ఊళ్లో ఇవాళ్టికీ నిలబడి ఉన్న మదరసాను కట్టించిన మహమూద్ గవాన్ పర్షియాలోని గీలాన్ నుంచి వర్తకుడిగానే వచ్చి, బహమనీ సుల్తానులకు వజీరయ్యాడు. వీళ్లెవరికీ "డిజిటల్ ప్రెజెన్స్" ప్యాకేజీ ఎవరూ అమ్మలేదు. ఊరికి సరుకు ఉంది, సరుకుకు పేరు ఉంది, వచ్చారు.

ఈ చరిత్ర ఆ కుర్రాడికి చెప్పి లాభం లేదు. నెలకు ఇన్ని సైట్లు అంటగట్టాలని అతని మెడ మీద కత్తి ఉంటుంది. పాపం, వాడి మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ "ప్రపంచమంతా" అనే మాట మీద.

ఎందుకంటారా, సేఠ్ జీఎస్టీలో కాంపొజిషన్ పథకంలో ఉన్నాడు. ఏడాది అమ్మకాలు కోటిన్నర దాటని చిన్న వ్యాపారులు ఒక శాతం పన్ను కట్టి, లెక్కల బాధ తగ్గించుకునే పథకం అది. కాంపొజిషన్‌లో ఉన్నవాడు ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మి పంపకూడదు. నిబంధన అంతే. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు నిజాం కాలంలో బీదర్ జిల్లాలోవే. 1956 నవంబరు 1న బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, అవి రెండూ పక్క రాష్ట్రపు మెదక్ జిల్లాలోకి వచ్చాయి. ఇవాళ బీదర్‌లో నిలబడి జహీరాబాద్‌కు ఒక క్యారం బోర్డు పార్సెల్ చేయాలంటే సేఠ్‌కు చట్టం అడ్డు. ప్రపంచమంతా కస్టమరే, పక్క తాలూకా తప్ప! సైటుకు డబ్బు తీసుకున్నవాడు "మీరు ఏ పథకంలో ఉన్నారు సేఠ్" అని ఒక్క మాట అడిగి ఉంటే బేరం అక్కడే తెగేది. అందుకే అడగడు.

పోనీ, మామూలు రిజిస్ట్రేషనే ఉందనుకుందాం. అప్పుడు కొరియరు వాడు కాచుకుని ఉంటాడు. వాడు కాటా ఒక్కటే చూడడు, టేపు కూడా తీస్తాడు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగించి, వచ్చినదాన్ని కిలోలంటాడు. పెద్ద క్యారం బోర్డును అట్టపెట్టెలో కట్టి 95, 95, 8 అనుకుంటే 14 కిలోల పైన తేలుతుంది. బోర్డు ధరకు రవాణా ధర తోడై, కొనేవాడికి రెండు బోర్డుల బాధ. అవతల ఆటసామాన్ల కంపెనీ డెకాత్లాన్ 2009 నుంచి ఈ దేశంలో పాతుకుని ఉంది. హైదరాబాద్‌లో దుకాణాలు, సొంత సైటు, సొంత తయారీ. దానితో సేఠ్‌ను ధర మీద కుస్తీకి దింపుతున్నాడు ఈ కుర్రాడు. అమ్మేదేమిటంటే మీరట్‌లోనో జలంధర్‌లోనో తయారై, దేశంలో ప్రతి కొట్టుకూ చేరే అవే బ్యాట్లు, అవే ఫుట్‌బాళ్లు. నేల విడిచి సాము అంటే ఇదే.

తర్వాత "గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ." మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సలహా పేజీల్లో రాసి పెట్టింది. మన కుర్రాడి దగ్గర మాత్రం గ్యారంటీ కార్డు ఉంది. ఎలా చూపిస్తాడంటే, సేఠ్ ఎదుటే ఫోను తీసి, సేఠ్ కొట్టు పేరునే అక్షరం పొల్లుపోకుండా కొడతాడు. మొదట అదే వస్తుంది. రాక చస్తుందా? ఆ పేరు ఇంకెవరు పెట్టుకున్నారు గనక! సేఠ్ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొట్టు పేరు తెలిసినవాడు దాన్ని గూగుల్‌లో వెతకడు, నేరుగా నడిచి వస్తాడు. తెలియనివాడు రాకెట్‌కు తీగలు మార్చుకోవాలంటే "బ్యాడ్మింటన్ గట్టింగ్ బీదర్" అని వెతుకుతాడు. ఆ మాట సైటులో ఎక్కడా లేదు. ఉన్నదల్లా పేజీ అడుగున, తెల్ల రంగు మీద తెల్ల అక్షరాల్లో "బెస్ట్ స్పోర్ట్స్ షాప్ ఇన్ బీదర్, బెస్ట్ స్పోర్ట్స్ షాప్ ఇన్ భాల్కీ, హుమ్నాబాద్, ఔరాద్, బసవకల్యాణ్" అంటూ విష్ణుసహస్రనామం. ఇలా దాచిన అక్షరాలను గూగుల్ మోసం కింద లెక్కగడుతుందని వాడికీ తెలుసు. సేఠ్‌కు తెలియదు.

సైటు లోపల ఇంకా వైభవం ఉంది. తెరవగానే ఐదు పెద్ద బొమ్మలు ఒకదాని వెనక ఒకటి జారుతుంటాయి. ఒకదాంట్లో తెల్లదొరలు ఇద్దరు నవ్వుతూ చేతులు కలుపుతుంటారు. వాళ్లు ఎప్పుడూ బీదర్ రాలేదు, చౌబారా బురుజు చూడలేదు, అయినా కొట్టు నిర్వాహకుల స్థానంలో ఉన్నారు. కింద సున్నా నుంచి గిర్రున తిరిగి ఐదొందల దగ్గర ఆగే అంకె: "హ్యాపీ క్లయింట్స్." వాళ్లలో ఒకరి పేరు జాన్ డో, హోదా సీఈఓ, ఊరు రాయలేదు. "మా విజన్" ఉంది, "మా మిషన్" ఉంది, "24×7 సపోర్ట్" ఉంది. షట్టరు సగం దించి కునుకు తీసే కొట్టుకు అర్ధరాత్రి సపోర్టు! ఫోన్ నంబరు మాత్రం అట్టడుగున, బొమ్మగా అతికించి ఉంది. నొక్కితే కాల్ పోదు.

కొనేవాడికి ఏం కావాలో కౌంటరు దగ్గర ఒక గంట కూర్చున్నవాడికి తెలుస్తుంది. "పిల్లాడికి ఎనిమిదేళ్లు, ఏ సైజు బ్యాటు?" "ఇది కాశ్మీర్ విల్లోనా, ఇంగ్లిష్ విల్లోనా? నాకింగ్ చేసి ఇస్తారా?" "రాకెట్‌కు గట్టింగ్ ఇవాళ ఇస్తే ఎప్పుడిస్తారు?" "పదిహేను జెర్సీలు, వెనక పేరు, నంబరు, ఆదివారం మ్యాచ్‌కి కావాలి." "స్కూల్లో స్పోర్ట్స్ డే, షీల్డులు, మెడల్స్, పేర్లు చెక్కించి ఎంత?" చిన్న ఊళ్లో ఆటసామాన్ల కొట్టు బతికేది ఈ గట్టింగ్ మీద, జెర్సీ ప్రింటింగ్ మీద, షీల్డుల మీద. డెకాత్లాన్ రాత్రికి రాత్రి బీదర్ పాఠశాల పేరు షీల్డు మీద చెక్కి ఇవ్వదు. సేఠ్ గెలవగలిగిన ఆట ఇదొక్కటే. సైటులో దీనికి ఒక్క వాక్యం చోటు దొరకలేదు.

ఇందుకు అయిదు బొమ్మలు జారనక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. కొట్టు ఎక్కడ, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఏ పని ఎన్ని రోజుల్లో ఎంతకు అవుతుంది, నొక్కితే మోగే నంబరు, వాట్సాప్. కన్నడంలో, ఉర్దూలో, మరాఠీలో, తెలుగులో తలా నాలుగు ముక్కలు. గూగుల్ మ్యాప్‌లో కొట్టు నమోదు చేసుకోవడం ఉచితం. కొనేవాడు ముందు చూసేది కూడా దాన్నే. కానీ ఉచితంగా అయ్యే పనికి ఇన్వాయిస్ ఎలా వేస్తారు?

"అయితే సైట్లే వద్దంటారా?" అని ఎవరో అడుగుతారు. వద్దనను. బీదర్‌లోనే సైటు నిజంగా అక్కరకొచ్చే సరుకు ఒకటుంది: బిద్రీ. తుత్తునాగం, రాగి కలిపి పోతపోసి, చెక్కిన గీతల్లో వెండి తీగ దిగ్గొట్టి, కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం వెండిలాగే మిగులుతుంది. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పనివాడైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. దీన్ని కొనేవాడు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, దేశం బయటో ఉంటాడు. వాడు బీదర్ దాకా రాలేడు, కాబట్టి ముందు చూసేది ఫోటోనే. సరిగ్గా ఇక్కడే మన సైటు శిల్పులు చేతులెత్తేస్తారు. వస్తువు ఫోటో మసక. బరువు లేదు, ఎత్తు లేదు, వెండి తీగా రేకా అన్నది లేదు, ఎలా తుడవాలో లేదు. ధర ఉండాల్సిన చోట "ఎంక్వైర్ నౌ." ఎంక్వైరీ పెడితే ఆ మెయిలు వెళ్లేది సైటు కట్టినవాడి పాత చిరునామాకి. అతను ఉద్యోగం మారి పుణె వెళ్లిపోయాడు.

ఇక "ఇంప్రూవ్‌మెంట్" సంగతి. రెండేళ్లకోసారి ఇంకో కుర్రాడు వస్తాడు. పాత సైటు చూసి నుదురు కొట్టుకుంటాడు, సేఠ్‌ను ఎవరో మోసం చేశారని బాధపడతాడు, కొత్త రంగులు వేస్తాడు. ఫోనుతో తీసిన ఐదు ఎంబీల ఫోటోను వంద, నూటయాభై కేబీలకు కుదిస్తే ఔరాద్ పల్లెలో ఒక్క గీత సిగ్నలు మీద కూడా పేజీ తెరుచుకుంటుంది. ఆ పని అరగంటది. దాన్ని ఎవరూ చేయరు. పొగలాడే నేపథ్యం, "హాయ్, నేను మీకు ఎలా సాయపడగలను" అనే చాట్ బొమ్మ వచ్చి చేరతాయి. బిల్లులో "సెక్యూరిటీ సర్టిఫికెట్" ఏటా ఒక పద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి దాన్ని ఊరికే ఇస్తోంది. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉచితం. సేఠ్ కట్టే డబ్బంతా సామగ్రికి కాదు, పనికి. ఆ పనే జరగలేదు.

అన్నిటికంటే చేదు గుళిక చివర్లో. కొట్టు పేరుతో కొన్న డొమైన్ సేఠ్ పేరు మీద ఉండదు, సైటు కట్టినవాడి ఖాతాలో ఉంటుంది. మొదటి ఏడు ప్యాకేజీలో "ఫ్రీ." రెండో ఏడు నుంచి వాడు చెప్పిందే రేటు. కట్టకపోతే తండ్రి పెట్టిన కొట్టు పేరు ఇంటర్నెట్టులో ఎవరిదో అవుతుంది. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అయ్యే చీటీ కోసం సేఠ్ వాడి చుట్టూ తిరగాలి.

ఇది చదువుతున్న కొట్టు యజమానులకు ఒక మనవి. మీ డొమైన్ ఏ ఈమెయిలు మీద నమోదైందో ఇవాళే అడగండి. అది మీది కాకపోతే మీ పేరుకు మార్పించుకుని, పాస్‌వర్డు మీ దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత మీ సైటును మీ ఫోనులోనే తెరిచి, మీ కొట్టు నంబరు మీద వేలు పెట్టి నొక్కండి. మోగకపోతే మిగతా సొమ్ము కట్టకండి.