ఏడు గంటల సినిమా వ్రతకల్పం

ప్రధాన దైవం

హంగరీ దర్శకుడు బేలా టార్ 1994లో తీసిన 'షాతాన్‌టాంగో'. నలుపు తెలుపు బొమ్మ, నిడివి ఏడు గంటల పైచిలుకు. మూలం లాస్లో క్రాస్నహోర్కై నవల. ఆయనకు 2025లో నోబెల్ వచ్చింది కనుక ఇప్పుడు పట్టినవారికి పుణ్యం రెట్టింపు. కథేమిటని అడిగితే "వాన, బురద, మళ్లీ వాన" అని ఊరుకోవాలి. అంతకు మించి చెబితే చూశారనుకోరు, ఎక్కడో చదివారనుకుంటారు.

ఎవరు పట్టవచ్చు

'దానవీరశూరకర్ణ'కే దాదాపు నాలుగు గంటలు కూర్చున్నవాళ్లమని ధీమా పడకండి. 1977 నాటి ఆ సినిమాలో ఎన్టీఆర్ ఒక్కరే మూడు వేషాలు కట్టి, మీకు కునుకు పట్టకుండా కాపలా కాశారు. ఇక్కడ మొదటి ఏడెనిమిది నిమిషాలూ ఒకే షాట్, అందులో ఆవులు. వాటికి డైలాగులు లేవు.

సామగ్రి

ఫ్లాస్కు నిండా చక్కెర లేని కాఫీ. స్టేటస్‌లో పెట్టుకోవడానికి టికెట్టు ఫొటో. నలిగిన ఖాదీ చొక్కా. పాప్‌కార్న్ నిషిద్ధం; నాలుగు వరసల అవతల నిద్రపోతున్న భక్తుడికి ధ్యానభంగం.

నియమాలు

1. ఆవులు కనిపించగానే "అబ్బ!" అనాలి. ఎందుకని ఎవరూ అడగరు. పక్కవాళ్లూ అంటారు.

2. 'బోరు' అన్న మాట నోట రాకూడదు. అవసరమైతే 'ధ్యానాత్మకం' అనవచ్చు.

3. ఇంట్లో చూసేవారు ఒకటిన్నర రెట్ల వేగంతో నడపడం మహాపాతకం. చేసినా చెప్పకండి.

4. విరామంలో పరుగెత్తకండి. మరుగుదొడ్డికైనా సరే, బేలా టార్ పాత్రల్లా నింపాదిగా నడవాలి.

విఘ్నాలు

నిద్ర చిన్న విఘ్నం. కాసేపు కన్ను మూతపడినా వాన అక్కడే కురుస్తూ ఉంటుంది. అసలు ప్రమాదం నిద్ర పట్టనివారికే.

ఒక రాత్రి ఒక చిన్నపిల్ల వానలో నిలబడి, సారాకొట్టు కిటికీలోంచి లోపలి ఆట చూస్తుంది. ఆ పిల్ల ఏమవుతుందో మనకు తెలిసిపోతుంది. తరువాతి అధ్యాయం అదే రాత్రిని సారాకొట్టు లోపలినుంచి చూపిస్తుంది: అకార్డియన్ మోత, తాగినవాళ్ల చిందులు ఎంతకీ ఆగవు. వాళ్లెవరికీ కిటికీ సంగతి పట్టదు. పట్టేది మీకొక్కరికే. రెండు గంటల సినిమాలో ఈపాటికి ఏదో ఒక పాత్ర వచ్చి సంగతి విప్పి చెప్పేది, వెనక వయొలిన్ ఏడ్చేది. ఇక్కడ జ్ఞాపకం పెట్టుకునే పని మీకే అప్పగించి దర్శకుడు తప్పుకున్నాడు.

షాంటల్ అకెర్‌మన్ తీసిన 'జాన్ డీల్‌మన్' (1975) మూడు గంటల ఇరవై నిమిషాలే కదా, తేలికని పడతారు కొందరు. ఒక గృహిణి మూడు రోజుల ఇంటిపని అది. మొదటి రోజంతా ఆమె ఏ గిన్నె ఎక్కడ పెడుతుందో చూసినవాడికి, రెండో రోజు బంగాళాదుంపలు మితిమీరి ఉడికాయంటే గుండె ఝల్లుమంటుంది. దుంపలకు గుండె ఝల్లుమన్న క్షణాన వ్రతం చెడినట్టే. ఆ పైన మీరు గడియారం చూడరు. బయటికొచ్చాక ఎవరికైనా చెప్పాలన్న ఆత్రం కూడా ఉండదు.

ఉద్యాపన

ఆండీ వార్హోల్ 1964లో తీసిన 'ఎంపైర్'. ఎనిమిది గంటల పాటు న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం, కెమెరా కదలదు. చూడకుండానే చూశానని చెప్పుకోవడానికి ఇంతకన్నా అనువైన సినిమా లేదు. భవనం చివరికి ఏమైందని ఎవరూ నిలదీయరు.

ఫలశ్రుతి

నియమం తప్పకుండా ముగించినవారు ఏ సినిమా గోష్ఠిలోనైనా "అది మీరు చూశారా?" అని అడిగే అర్హత పొందుతారు. ఎదుటివాడు చూశానంటే మాత్రం వెంటనే సంభాషణ మార్చాలి. వాడు నిజంగా చూసి ఉండవచ్చు. 'షాతాన్‌టాంగో'ను బతికినన్నాళ్లూ ఏటేటా చూడాలని ఉందన్న రచయిత్రి సూసన్ సొంటాగ్ లాంటివారిని అసలే కదిలించకండి. వాళ్లు అర్హత కోసం చూసే రకం కాదు.

వ్రతం చెడినా ఫలం దక్కాలని మనవాళ్ల కోరిక. ఈ ఒక్క వ్రతంలో మాత్రం చెడినవాడికే దక్కుతుంది.